అలిసిపోయానని విజయతో అన్నందుకు

డర్బన్, 1996 జూలై, మంగళవారం

మా ఆఫీసు కంప్యూటర్ సెక్షన్‌లోకి ఈరోజు నా పక్క సీటు విజయను తీసుకున్నారు. ఏడు నెలలుగా ఇద్దరం కలిసే ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాం, తనకంటే నాకే బాగా వచ్చు. నన్నెందుకు పిలవలేదని అడిగితే మేనేజర్, "మీరు విసిగిపోయి చదువు మానేస్తున్నారట కదా, విజయ చెప్పింది" అన్నాడు.

పోయిన వారం తన వంటింట్లో కూర్చుని ఏడ్చిన మాట నిజమే. స్క్రీన్ చూస్తేనే తల తిరుగుతోందన్నాను. "రెండ్రోజులు పుస్తకం ముట్టుకోకు వదినా, ఓపిక అదే వస్తుంది" అని టీ ఇచ్చింది. నేను పుస్తకం ముట్టుకోలేదు. ఆ రెండ్రోజుల్లోనే వెళ్ళి చెప్పిందన్నమాట.

సాయంత్రం మేముండే అవోకాకు వెళ్ళే బస్సులో నిలదీశాను. "నువ్వన్నదే చెప్పాను వదినా" అని కిటికీవైపు తిరిగి కూర్చుంది.

చదువు మానను. కానీ మళ్ళీ అలిసిపోతే, ఈ దేశంలో తెలుగులో ఎవరితో చెప్పుకోవాలి?