రెబ్కా తోటలో ఒక్క మచ్చ కోసం

జూన్ 18

గజ్జి తెగులే. ఇక అనుమానం లేదు. నిమ్మాకుల మీద పసుపు అంచుతో గరుకు మచ్చలు, కాయల మీద పొక్కులు. తెనాలి మార్కెట్‌లో నా బస్తాలు పక్కన పడేశారు. చుట్టూ అంతా మిర్చి, పత్తి. నిమ్మతోటలు రెండే, నాదీ రెబ్కాదీ. మధ్యలో ఒక గట్టు. గట్టుకి అటువైపు ఆకు నిగనిగలాడుతోంది.

గాలి ఒకటే, వాన ఒకటే. గజ్జి మాత్రం నాకొక్కదానికే.

జూన్ 19

రెబ్కాకి మైకు పట్టుకోవడం నేర్పింది నేను. మహిళా సంఘంలో ఆమె మొదటి ఉపన్యాసం రాసిచ్చింది నేను. ఇప్పుడు ఆమె దగ్గర నిమ్మసాగు నేర్చుకోవడానికి వచ్చే రైతులు ఆటోలు దిగి, నా గేటు ముందే నిలబడి, రెబ్కా టీచరుగారి తోట ఎటండీ అని నన్నే అడుగుతున్నారు. చెప్తున్నాను.

జూన్ 22

చూసొద్దామని వెళ్ళాను. గేటు దగ్గర బ్లీచింగ్ నీళ్ళ డ్రమ్ము. చేతులు, కాళ్ళు, కత్తులు కడిగితేనే లోపలికి. కాళ్ళు తడుపుకుని రా అక్కా, గజ్జి బాక్టీరియా మనుషుల వెంటే వస్తుంది అంది, నవ్వుతూ. మా పాస్టరుగారి చేతే కడిగించాను, నీదేముంది అని కూడా అంది.

వెనక్కి వచ్చేశాను. నన్నా.

జూన్ 23, ఉదయం 6

ఫేస్‌బుక్‌లో రాశాను. కూలీల కాళ్ళు కడిగించే తోటలో కాసేది నిమ్మకాయలు కాదు, కొత్త అంటరానితనం అని. తరతరాలుగా అది అనుభవించిన ఇంటి మనిషే ఈ పని చేయడం విషాదం అని కూడా రాశాను. ఆ రెండో వాక్యం కొట్టేద్దామనుకున్నాను. బాగా వచ్చింది, ఉంచాను.

సాయంత్రం

షేర్లే షేర్లు. ఒంగోలు నుంచి ఉద్యమ మిత్రులు ఫోన్లు చేశారు. రెబ్కా కూడా లైక్ కొట్టింది. దానర్థం ఏమిటి?

జూలై 8

రాత్రంతా వాన. ఆకు తడిగా ఉందని రెబ్కా కూలీల ముఠాని గేటు దగ్గర్నుంచే తిప్పి పంపింది. తడి ఆకు ముట్టుకుంటే తెగులు చేతుల వెంట చెట్టు నుంచి చెట్టుకి పాకుతుందట. మరి వాళ్ళ కూలి? ముఠా మొత్తాన్నీ నా తోటలోకి పిలిచాను. గజ్జి కొమ్మల కత్తిరింపు ఒక్కరోజులో అయిపోయింది. మా ఆయన చెంచయ్య, ఆగవే, ఆకు ఆరనీ అన్నాడు. నువ్వు మాట్లాడేది భూస్వాముల భాష అన్నాను.

జూలై 19

మళ్ళీ వాన. ముఠా కోసం గేటు తీసి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. అందరూ రెబ్కా రేకుల షెడ్డులో మిర్చి తొడిమలు తీస్తున్నారు, అదే కూలికి. వాన రోజులకని బస్తాలు తెప్పించి పెట్టుకుందట. వాళ్ళ నవ్వులు నా వరండాలోకి వినిపిస్తున్నాయి.

ముఠా మేస్త్రి వెంకటేశ్వరమ్మ సాయంత్రం గట్టు మీద ఎదురైంది. నీ రాత మా పిల్ల చదివి వినిపించిందమ్మా అంది. కాళ్ళు కడుక్కుంటే మా పరువేం పోలా, మీ ఇంట్లో మాకు గ్లాసులు వేరే పెట్టారే, అది రాయకపోయావా అంది.

అది మా అత్తగారి అలవాటు. ఆవిడ పోయి చాలా కాలమైంది. గ్లాసులు మాత్రం అక్కడే ఉన్నాయి.

జూలై 30

తోట మొత్తం పట్టేసింది. ఆ తడి రోజు కత్తి తగిలిన ప్రతి చెట్టూ.

ఆగస్టు 4, ఆదివారం

రెబ్కా చర్చికి వెళ్ళింది. సన్నటి తుంపర. గట్టు దాటి ఆమె తోటలోకి వెళ్ళాను. ఎక్కడో ఒక మచ్చ ఉండి తీరాలి. ఇంత శుభ్రం అబద్ధం. కొమ్మలు వంచి, ఆకులు తిప్పి తిప్పి వెతికాను. ఒక్క మచ్చ దొరికితే ఫొటో తీసి పోస్ట్ చేసేదాన్ని. దొరకలేదు.

ఇంటికొచ్చాక చేతులు చూసుకున్నాను. అంతకు ముందే నా తోటలో గజ్జి కొమ్మలు విరిచిన చేతులు.

ఆగస్టు 5

ఒక్క మనిషి వల్ల ఏమవుతుంది. ఏమీ కాదు.

ఆగస్టు 25

రెబ్కా ఫోన్ చేసింది. గట్టు పక్క వరసల్లో మచ్చలొచ్చాయట.

సంతోషం వేసింది. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ నిజం రాస్తాను?

తర్వాత అంది, ముఠాలో ఎవరో కడుక్కోకుండా వచ్చుంటారక్కా, వెంకటేశ్వరమ్మని రేపట్నుంచి రావద్దన్నాను, పిల్లల మీద ఒట్టేసి ఏడ్చింది, అయినా ఎలా నమ్మను అని.

నేను ఊఁ అన్నాను.

ఆగస్టు 27

గజ్జి మోసుకొచ్చే ముఠా అని పేరు పడిపోయింది. పత్తిలో కలుపు తీయడానికి కూడా పిలవడం లేదట. వాళ్ళ తరఫున గట్టిగా రాయండి మేడమ్ అని ఒంగోలు నుంచి ఫోన్. మొదలుపెట్టాను. మొదటి వాక్యం దాటలేదు.

ఆగస్టు 28

వెళ్ళి చెప్పాను. రెబ్కా తిట్టలేదు. అక్కడే నిలబడి వెంకటేశ్వరమ్మకి ఫోన్ చేసి, తప్పు నాది, రేపు రా అంది. ఏ చెట్లు ముట్టుకున్నావని నన్ను అడిగింది.

ముందు నడిచి చూపించాను. ఒక్కటీ మర్చిపోలేదు.