ముద్ర వేసినవాడే విప్పాలి

మంగళవారం, మార్చి 11
వర్క్‌షాపు నుంచి, మధ్యాహ్నం భోజనాల వేళ

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అమ్మా, రిపేరుకొచ్చిన పద్నాలుగు త్రాసులూ కులాసా. అక్కడ మన కొత్త బ్రాంచిలో నువ్వు వేళకి తింటున్నావనీ, మా అల్లుడితో పోట్లాటలు ఫోన్‌లోనే ముగిస్తున్నావనీ తలుస్తాను.

అసలు సంగతికొస్తాను. నీకు రిఫరీ దొరికాడు. పత్రం ఇవాళ పొద్దున్నే రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళిపోయింది. శుక్రవారం గడువుకి ముందే యూనివర్సిటీకి చేరుతుందని పోస్టాఫీసు అమ్మాయి రెండుసార్లు చెప్పింది. మూడోసారి అడిగితే విసుక్కుంది.

దొరికేదాకా నన్నెన్ని తిప్పలు పెట్టావో మాత్రం నువ్వు వినాల్సిందే. ముప్ఫై తొమ్మిదేళ్ళకి మళ్ళీ లెక్కల డిగ్రీలో చేరతానన్నావు, సంతోషించాను. రిఫరీ కావాలన్నావు. ఆటలో ఈల ఊదేవాడితో చదువుకేం పని అనుకున్నాను. నువ్వు పంపిన కాగితం చదివాక గానీ బోధపడలేదు. అయిదేళ్ళుగా నీ పని దగ్గరుండి చూసినవాడు కావాలి, వాడు బంధువు కాకూడదు, బంధువని తేలితే దరఖాస్తే చెల్లదు. పన్నెండేళ్ళుగా నీ పని చూస్తున్న పెద్దమేస్త్రీని నేనే, కానీ నేను పనికిరాను. బాబాయ్, నువ్వు పరాయివాడివైనా బావుండేది అని ఫోన్‌లో నవ్వావు. నేను నవ్వలేదు, నీకు గుర్తుందో లేదో.

అడగనిదే అమ్మయినా పెట్టదని బయల్దేరాను. మొదట మీ లెక్కల మాస్టారింటికి వెళ్ళాను. బాగా పెద్దవారైపోయారు. మీ అమ్మ మంచాన పడి నువ్వు రెండో ఏడాది మధ్యలో కాలేజీ మానేసిన సంగతి ఆయనకి బాగానే గుర్తుంది. కానీ ఇరవై ఏళ్ళ కిందటి పిల్లకి ఇవాళ ఎలా పూచీపడను అని అడిగారు. న్యాయమే కదా. వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి, ఆ పిల్లని ఇంత ఆలస్యం చెయ్యనిచ్చామేమిటండీ అన్నారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

తరవాత మన యజమాని. ఏడాదికోసారి వర్క్‌షాపులోకి తొంగిచూసే మనిషి నీ పని గురించి ఏం రాస్తాడు? అయినా అడిగాను. నువ్వు చదువుకు పోతే త్రాసులెవరు చూస్తారని మొహం ముడుచుకున్నాడు.

మందుల షాపాయన మాత్రం అడిగిందే తడవుగా రాసిచ్చాడు. తీరా చదివితే, నెమ్మదైన పిల్ల, పెద్దలంటే గౌరవం, ఎదురు మాట్లాడదు అని ఉంది. పెళ్ళిసంబంధానికి రాసినట్టు రాశాడు. నువ్వు ఎదురు మాట్లాడవట. అతనికి దండం పెట్టి ఆ కాగితం తెచ్చి సొరుగులో పడేశాను.

చివరికి దొరికిన మనిషి రాసింది నేను చదివాను. నీకు చూపించకూడదట గానీ ఒక్క ముక్క చెబుతాను. నువ్వు పనిలో చేరిన మొదటి ఏడాది, ఆ మందుల షాపు త్రాసు సంగతి రాశాడు. ఒక పళ్ళెంలో పొట్లం, రెండో దాంట్లో గుండ్లు పెట్టి, ముల్లు మధ్యలో నిలవగానే నేను సీసపు ముద్ర కొట్టేశాను. నువ్వు అటుది ఇటు, ఇటుది అటు వేసి మళ్ళీ తూచావు. ముల్లు పక్కకి ఒరిగింది. తప్పు తేలితే ముద్ర వేసినవాడే అందరి ముందూ విప్పాలన్నది మన వర్క్‌షాపు కట్టుబాటు. నువ్వు త్రాసునీ, ముద్ర విప్పే పట్టకారునీ తెచ్చి నా బల్ల మీద పెట్టి నిలబడ్డావు. ఇలాంటి మనిషికి లెక్కలు చెప్పడం మీకే లాభమని రాశాడు. నాకు నచ్చింది.

ఇంటి సంగతి దిగులుపడకు. మీ అమ్మ మోకాలు నయం.

ఆశీస్సులతో,
మీ బాబాయి

తా.క. ఆ మనిషెవరో రాయలేదని నువ్వు ఈపాటికి పట్టేసి ఉంటావు. నేనే. దరఖాస్తు చెల్లదేమోనని కంగారుపడకు. మీ నాన్న పిన్ని కొడుకునని నీకు చెబుతూ వచ్చాం. కాదు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర పనిచేసేవాళ్ళం, అంతే. నీకు ఏడాది నిండేనాటికి ఇల్లు దొరక్క అందరం కాళ్ళరిగేలా తిరుగుతుంటే, ఒకావిడ రెండు గదులిస్తానంది గానీ, కుటుంబానికే, పరాయి మగాడు కూడదంది. మా పిన్ని కొడుకండీ అని మీ నాన్న తడుముకోకుండా అనేశాడు. అయిదేళ్ళకి ఆయన పోయాడు. ఆ చుట్టరికం లేకపోతే నేను మీ గడప తొక్కడానికి లోకం ఊరుకునేది కాదు. నీ బడి రిజిస్టర్లో, సంరక్షకుడి గడిలో, బాబాయి అని నా చేత్తోనే రాశాను. ఆ తరవాత చెప్పే ధైర్యం చాల్లేదు. తప్పు నాది.

యూనివర్సిటీ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాను. రక్తసంబంధమో పెళ్ళిసంబంధమో ఉంటేనే బంధువు, పిలుపుతో మాకు పని లేదన్నాడు గుమాస్తా. అయినా నువ్వు నన్ను బాబాయి అనే పిలుస్తావని పత్రం అడుగున రాశాను, దాచలేదు. మీ అమ్మనీ అడిగాను. రాసెయ్యి మరిదీ, ఇంకెంతకాలం దాస్తాం అంది. నేనేమీ కానని రాయమంటూ కూడా మరిదీ అనే అంది.

మీ అమ్మ చేత చెప్పించడం నా వల్ల కాదు, ముద్ర నాది కదా. ఫోన్‌లో చెబుదామని మూడుసార్లు చేసి, మూడుసార్లూ త్రాసుల గురించి మాట్లాడి పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

పత్రమంతా పావుగంటలో రాశాను. బంధుత్వం అన్న గడి దగ్గర మాత్రం టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను. లేదు అని రాశాను. నీకు సీటు రావాలి, అది ముఖ్యం. ఇక నన్నేమని పిలుస్తావో నీ ఇష్టం. పైన సంతకం మార్చాలేమో అనుకున్నాను గానీ చెయ్యి రాలేదు.