ఎర్రర్ రాని బిల్డ్

సోమవారం, కోరుట్ల

ఇయ్యాల సిరిసిల్ల కార్ఖానల బట్ట నేసే ఎనిమిది కరెంటు సాంచాలకు కొత్త కంట్రోల్ బోర్డులు బిగించి అచ్చిన. పొద్దంత కరెంటు లేకుండె, నడిపి సూడలే. నడుస్తున్న సాంచల చెయ్యి వెట్టంగనే దాన్ని ఆపే డ్రైవర్ ప్రోగ్రాంను ఈసారి రస్ట్ అనే కొత్త భాషల రాసిన. సీ భాషల ఉన్న పాత డ్రైవర్‌ను నేనే తీసేసిన.

ఇంటికచ్చి ఊరికెనె, ప్రోగ్రాం కట్టినప్పటి బిల్డ్ లాగ్ మొదటి నుంచి సూసిన. మా బిల్డ్ సిస్టంల రస్ట్ కంపైలర్ పాతది, బోర్డును నడిపే కొత్త కర్నెల్‌కు సరిపోలే. సరిపోకుంటె ఎర్రర్ ఇయ్యాలె గదా. ఇయ్యలే. సప్పుడు జెయ్యక రస్ట్ ఆప్షన్ తీసేసి, నా డ్రైవర్ లేకుంటనే కర్నెల్ కట్టి, బిల్డ్ సక్సెస్ అని రాసింది. నేను గా ఒక్క ముక్కనే సదివి బోర్డులల్ల ఎక్కిచ్చిన.

ఆ సాంచాలు నడిపే సత్తయ్య కాక ఇన్నేండ్లు పోగు తెగితె ముందు పిడి గుంజి సాంచ ఆపి, అటెన్కనే చెయ్యి వెట్టిండు. ఇయ్యాల అడిగిండు, "ఇగ పిడి గుంజుడు అక్కర లేదా బిడ్డా?"

"లేదు కాకా. చెయ్యి వెట్టు, అదే ఆగుతది."

కాకకు ఫోన్ లేదు. కార్ఖాన ఆసామికి ఎన్నిసార్లు చేసినా స్విచ్చాఫ్. పొద్దుగాల మొదటి బస్సుకు పోత. కని కాక తెల్లారకముందే తాళం దీసి సాంచాలు నడుపుతడు.

ఏండ్ల అలవాటు ఒక్క పూటల పోదని నాకు నేనే చెప్పుకుంటున్న. కని ఆయన జంకుతుంటె, ఆ చెయ్యి పట్టుకొని కరెంటు లేని సాంచల వెట్టి సూపిచ్చింది నేనే.