అత్తయ్య మొక్కుకున్న కొండ

ఎన్నిస్, ఐర్లండ్, ఫిబ్రవరి 2021, శుక్రవారం

తప్పంతా నాదే. ఈ అద్దె ఇంట్లో కొత్త మేకులు కొట్టకూడదని లీజులో ఉంది. అందుకే దేవుడి పటాలను హాల్లో ఓనరుగారి పాత బొమ్మ కింద, అల్మరా మీద పెట్టాను. అది రెండు వందల ఏళ్ల నాటి అచ్చు బొమ్మ. దక్కన్‌లో ఏదో కొండకోట, దాని మీదికి ఎగబాకుతున్న ఎర్రకోటు సిపాయిలు. శుక్రవారాలు వీడియోకాల్‌లో పూజ చూసే అత్తయ్యకు ఆ కోట గుడిలా, సిపాయిలు భక్తుల్లా కనిపించారు. ప్రతివారం దణ్ణం పెట్టుకుంటున్నారు. లాక్‌డౌన్‌లో ఆవిడకు దొరికిన గుడి అదొక్కటే కదా అని నేనూ ఊరుకున్నాను.

ఇవాళ పొద్దున బాంబు పేల్చారు.

"అబ్బాయికి కొవిడ్ తగ్గితే ఆ కొండెక్కుతానని మొక్కుకున్నానమ్మాయ్. తగ్గిందిగా! విమానాలు తిరగ్గానే వస్తా. ఇంతకీ అది ఎక్కడుంది?"

మధ్యాహ్నం బాయిలర్ సంగతి చూడటానికి ఓనరు మైకేల్‌గారు వచ్చి, మాస్కుతో కిటికీ బయటే నిలబడ్డారు. ఆయన్నే అడిగాను.

"అది గీసింది మా తాతల తాత. ఆయన ఐర్లండ్ దాటితేగా! యుద్ధం సంగతి పేపర్లో చదివి, ఇంటి వెనక కొండను చూసి గీసేశాడు. ఇక్కణ్ణుంచి అరగంట. పైన గొర్రెలు తప్ప ఏమీ ఉండవు, వ్యూ మాత్రం గ్రాండ్!"

మావారు పడీపడీ నవ్వారు. మొక్కులో ఆయన తలనీలాలు కూడా ఉన్నాయని ఇంకా చెప్పలేదు. అక్కడ గుండు గీసేవాళ్లు దొరకరు. గొర్రెల బొచ్చు తీసేవాళ్లయితే ఉంటారట.