ఉప్పుతోనే దిష్టి

అన్నయ్యా,

డాక్టరుగారు నిన్ను వారం దాకా నోరు తెరవొద్దన్నారట. ఫోన్ చేస్తే నువ్వు ఊరుకోవని, క్యారియర్‌తో ఈ ఉత్తరం పంపుతున్నాను. జన్మలో మొదటిసారి నాకు ఎదురు చెప్పలేవు, హాయిగా చదువుకో.

ఫైర్‌స్టేషన్ ఉద్యోగం మానేయమని నీకు రాయమంది అమ్మ. నిన్న పొద్దున రాశాను కూడా. కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు తగలబడితే ఆ ఘాటు మన నల్లపాడు దాకా వచ్చింది. ఇంట్లో కూర్చుని మేమే దగ్గి చచ్చాం, నువ్వు లోపలికెలా వెళ్ళావు?

సాయంత్రం అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, నువ్వెదురుగా లేవని నీ చొక్కాకే దిష్టి తీయబోయింది. అప్పుడే ఖాదర్‌బీ వచ్చింది. నువ్వు భుజాన వేసుకుని బయటికి తెచ్చిన హమాలీ ఆదాం భార్య. సంచిలోంచి ఆయన తువ్వాలు తీసి నీ చొక్కా పక్కన పెట్టింది.

"మా ఆయనకీ తీయి పిన్నమ్మా. ఇద్దరూ ఒక్క పొగలోంచే వచ్చారుగా."

అమ్మ గుప్పిట వంక చూసుకుంది. "ఇంకా మిరపకాయ పొగేంటమ్మా వాళ్ళకి!" అని కాయలు డబ్బాలో పోసేసి, ఒట్టి ఉప్పుతోనే రెండింటికీ తీసింది.

ఆవిడ వెళ్ళాక, "ఆ ఉత్తరం చించేయవే," అంది.

"మరేం రాయను?"

"గొంతు బాగయ్యాకే డ్యూటీకెళ్ళమను. ముందు చారు తాగమను."

మన గుంటూరులో మిరపకాయ తగలని చారు ఇదే మొదటిదనుకుంటా. చాలా చప్పగా ఉంది. ఒక్క చుక్క మిగల్చకు.

నీ చెల్లి