పందొమ్మిది ఒకట్లు

జూన్ 4
మాయాబందర్‌లో నాలుగు రోజులుగా వాన. బడికి సెలవిచ్చేశాం. సువార్త పలక మీద వరసగా పందొమ్మిది ఒకట్లు రాసింది. "నాన్నా, ఈ నంబర్ దేనితోనైనా శేషం లేకుండా పోద్దా?" పదహారేళ్ల పిల్ల. బడి చదువు ముగిసింది, ఆపై చదువు ఈ దీవిలో లేదు. తెలియదన్నాను — లెక్కల మాస్టారిని.

జూన్ 11
3, 7, 11, 13... ఏదీ పోవడం లేదు. కాగితాలు చెమ్మకు మెత్తబడ్డాయి.

జూన్ 19
ఈ రోజు పిల్ల ఒక సంగతి పట్టుకొచ్చింది. ఐదు ఒకట్లు — 41 ఇంటూ 271. రెండింట్లోంచీ ఒకటి తీసేస్తే పదితో పోతాయి. ఏడు ఒకట్లు — 239 ఇంటూ 4649. ఒకటి తీస్తే పద్నాలుగుతో పోతాయి. "అంటే పందొమ్మిదికి ముప్పై ఎనిమిది! ముప్పై ఎనిమిదో ఎక్కంలో వచ్చినవాటికి ఒకటి కలిపి చూస్తే చాలు. బాకీ సబ్ బేకార్, మిగతావి చూడక్కర్లేదు." ఇది నేను నేర్పలేదు. నాకే రాదు.

జూలై 2
191. 229. 419. 457. అన్నిటికీ శేషం.

జూలై 15
ఎంతవరకు చూడాలో లెక్కేశాను. వర్గమూలం దాకా — వంద కోట్లు దాటాలి. ముప్పై ఎనిమిది లెక్కన చూసినా రెండు కోట్ల డెబ్బై ఏడు లక్షల భాగహారాలు. రోజుకు నలభై చేసినా దాదాపు పందొమ్మిది వందల ఏళ్లు. సువార్త పలక పక్కన పెట్టింది. "వేరే దారి తెలిసినోళ్లు ఉంటారు గదా?"
ఉంటారు. సముద్రం అవతల.

జూలై 20
మద్రాసులో ఒక ప్రొఫెసరుకు ఉత్తరం రాశాను. ముప్పై ఎనిమిది సంగతి నేనే కనుగొన్నట్టు, నా పేరుతో. ఆడపిల్ల అంటే చదవకుండా పడేస్తాడని భయం. జవాబు రానీ — అసలు విషయం చెప్పి, పిల్లకు కాలేజీలో సీటు అడుగుతాను. ఇంట్లో మాత్రం "నీ పేరే రాశాను" అన్నాను.

ఆగస్టు 21
ఓడ వచ్చింది. మాకేమీ లేదు.

సెప్టెంబరు 17
జవాబు. నాలుగు వాక్యాలు. అది ప్రధాన సంఖ్యేనట, ఎన్నో ఏళ్ల కిందటే రుజువైందట. ముప్పై ఎనిమిది నియమం పాఠ్యపుస్తకాల్లో ఉన్నదేనట. "ఉపాధ్యాయులైన మీకు ఇది తెలిసి ఉండవలసింది."
ఉత్తరం చూపించలేదు. నోటితోనే చెప్పాను.
"ప్రైమే అన్నమాట!" ఒక్క క్షణం మొహం వెలిగింది. తర్వాత, "నాకు పదహారేళ్లే అని రాశారా?"
"రాశాను."
"అయినా ఆయన అన్నది ఇంతేనా?"
తల ఊపాను.

సెప్టెంబరు 30
హెడ్మాస్టరు జెట్టీ దగ్గర ఆపారు. "మాస్టర్‌జీ, ఫారెస్ట్ ఆఫీసులో గుమస్తా జాగా ఉంది. లడ్కీకి చెప్పండి, అచ్ఛీ నౌకరీ." నా భార్య కరుణ వెంటనే ఒప్పుకుంది. సువార్త కూడా. అడ్డు చెబుతుందని ఆశపడ్డాను.

అక్టోబరు 9
వారం అయింది చేరి. ఆఫీసులో దుంగలకు నంబర్లు వేసే పని. ఎలా ఉందమ్మా అంటే "ఠీక్ ఉంది నాన్నా." లెక్కల ఊసు లేదు. పలక కరుణ వంటింట్లోకి తీసుకుపోయింది, బియ్యం డబ్బాకు మూతగా పెట్టుకుంది.

అక్టోబరు 12
ఓడ ఈ రోజే వెళ్తుంది. ప్రొఫెసరుకు నిజం రాయాలి. రాస్తే జవాబు వస్తుంది, ఈసారి సువార్త పేరునే వస్తుంది. అందులో నా అబద్ధమూ ఉంటుంది. రాయకపోతే... జెట్టీలో తపాలా సంచి నాలుగింటికి కట్టేస్తారు. మూడున్నరయింది. "అయ్యా" అని రాసి కూర్చున్నాను.