స్కూటరు, నిఘంటువు, మిగిలిన లివరు

నేను, న్యాయశాస్త్రం మూడో సంవత్సరం చదువుతున్న విద్యార్థినిని, మేజరును, ఆస్పత్రి గదిలో కిటికీ పక్క మంచం మీద కూర్చుని నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. మత్తు డాక్టరు రేపు ఉదయం గానీ రారు కనుక ఈ సాయంత్రం నా బుద్ధి పూర్తిగా నా స్వాధీనంలోనే ఉంది. ఎవరి బలవంతమూ, ప్రలోభమూ లేవు. మనఃపూర్వకంగా రాస్తున్నాను. ఈ మాటను పరీక్షల్లో చాలాసార్లు రాశాను గానీ, అవసరమై వాడటం ఇదే మొదలు.

సందర్భం చెప్పాలి. అమ్మానాన్నలు పోయాక నన్నూ అన్నయ్యనూ పెంచింది మా అమ్మ చెల్లెలు, మా పిన్ని. ఆమె లివరు పాడైంది. కాలేయం అని రాయాలని నాకు ఉబలాటంగానే ఉంది, కానీ ఇది పిన్ని కూడా చదవాలి. రేపు నా లివరులో కొంత కోసి ఆమెకు పెడతారు. ముందు అన్నయ్యే ఇస్తానన్నాడు. అతనిది సరిపడదన్నారు, నాది సరిపోయింది. ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద అన్నయ్య, "ఇద్దర్నీ ఒకేసారి లోపలికి పంపి నేను బయట కూర్చోవాలా? నావల్ల కాదు. మీ ఇష్టమొచ్చినట్టు ఏడవండి" అని వెళ్లిపోయాడు. అప్పటినుంచి మందులు తెస్తాడు, పళ్లు తెస్తాడు, నాతో మాత్రం మాట్లాడడు.

పిన్ని కూడా "నీ పొట్ట కోయించి నేను బతికేదేంటే" అని చాలా రోజులు మొండికేసింది. అనుమతి ఇచ్చే కమిటీవారు "ఇంట్లో ఎవరైనా మీమీద ఒత్తిడి తెస్తున్నారా?" అని అడిగారు. "తెస్తున్నారండీ, వద్దని" అన్నాను. ఒకాయన నవ్వు దాచుకోవడానికి నీళ్ల గ్లాసు అందుకున్నారు.

నేను రేపు తిరిగి రాకపోతే కిందివిధంగా జరగాలి.

1. నా నిఘంటువు హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితురాలికి చెందాలి. నచ్చిన మాటల పక్కన పెన్సిలుతో చుక్కలు పెట్టాను, వాటిని చెరపరాదు. నిజానికి ఆమెను సాక్షిగా పెట్టుకుందామనుకున్నాను. సాక్షి సంతకం చేసినవాళ్లకు వీలునామా కింద ఏమీ దక్కదని మా మేడం చెప్పిన పాఠాన్ని మొన్న ఈ గదిలోనే ఫోను స్పీకర్లో పెట్టి ఆమెకు వివరించాను. "అయితే వేరేవాళ్లని చూసుకో తల్లీ, నాకు డిక్షనరీ కావాలి" అంది. పిన్ని పకపకా నవ్వింది. మూలన టేబుల్ ఫ్యాను బాగుచేస్తున్న అన్నయ్య తల కూడా తిప్పలేదు. అందువల్ల ఇది రాసే సమయానికి ఒప్పుకున్న సాక్షి ఒక్కరే, ఈ వార్డు నర్సు. రెండోవారి కోసం వెతుకుతున్నాను.

2. పిన్నికి నా పుస్తకాలు, బట్టలు, చలికాలం ఇద్దరం వంతులేసుకుని కప్పుకునే దుప్పటి. లివరు ముక్క ఈ జాబితాలోకి రాదు, అది బతికుండగా ఇచ్చింది. దాన్ని అమ్మకూడదు, కొనకూడదు అని చట్టం చెబుతోంది. దాని గురించి దెప్పకూడదు, ఏడవకూడదు అని నేను చేరుస్తున్నాను. "నావల్లే పోయింది" అనే మాటను పిన్ని నోట నిషేధిస్తున్నాను. ఇలాంటి షరతు కోర్టు ముందు నిలవదు. పిన్ని ముందు నిలుస్తుంది.

ఆమె తాళంచెవులు చేసే దుకాణం మూయకూడదు. వీధిలో అందరి తలుపులూ తెరిపించే పిన్ని మా ఇంటికి చేసిన చెవి మాత్రం తిన్నగా తిరగదు. కొంచెం పైకెత్తి, వెనక్కి లాగి, అప్పుడు తిప్పాలి. ఈ కిటుకు మా ఇద్దరికే తెలుసు. రేపు ఇద్దరం ఆపరేషన్ గదుల్లో ఉంటాం కనుక, బెల్లు కొట్టి మమ్మల్ని లేపడం తప్ప ఏనాడూ నేర్చుకోని అన్నయ్య కోసం ఇక్కడ రాశాను.

3. ఫోనును స్నేహితురాలు లోపలి కబుర్లు చదవకుండా తుడిచి పిన్నికి ఇవ్వాలి. ఫొటోలు ఉంచాలి.

4. నాకు మళ్లీ తెలివి రాదని డాక్టర్లు తేల్చితే యంత్రాల మీద ఉంచవద్దు. కళ్లు, కిడ్నీలు, మిగిలిన లివరు పనికొస్తే ఎవరికైనా ఇవ్వాలి. నా తరఫున ఆ మాట చెప్పే అధికారం పిన్నికి ఇచ్చేదాన్ని, కానీ ఆ సమయానికి ఆమె పక్క థియేటర్లో ఉంటుంది. కాబట్టి అన్నయ్యకు ఇస్తున్నాను. మాట్లాడని మనిషికి ఈ పని అప్పగించడం వింతగానే ఉంది. అయినా నాకేం కావాలో అడగకుండా తెలిసినవాడు అతనొక్కడే.

5. నాన్న స్కూటరు అన్నయ్యకు. లైసెన్సు పరీక్షలో నేను మొదటిసారే గట్టెక్కి, అతను కాలు కింద పెట్టి తప్పాడు కనుక పిన్ని దాన్ని నా పేర రాయించింది. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసి ఎక్కించి దించేవాడికి ఇది తీరని అవమానం. స్టార్టు కాకపోతే ఒక పక్కకు వంచి కిక్కు కొట్టాలి. సీటు చింపింది నేను కాదు. దీన్ని మరణవాంగ్మూలంగా తీసుకోవచ్చు.

6. పై ఐదో అంశం కొట్టివేయడమైనది. కారణం ఇది.

అన్నయ్య పని నుంచి గ్రీజు చేతులతో వచ్చాడు. నర్సు కసిరి కడుక్కోమంది. కాగితాలు అందుకుని నిలబడి చదివాడు, నాలుగో అంశం దగ్గర కూర్చున్నాడు. ఐదోది అయ్యాక, "రెండో సాక్షి దొరికారా?" అన్నాడు. చాలా రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అదే. లేదన్నాను. "పెన్ను ఇలా తే." సంతకం పెడితే స్కూటరు దక్కదని గుర్తుచేశాను. "తెలుసులేవే లాయరమ్మా, మొన్న వార్డంతా వినేలా అరిచావుగా. ఆ డొక్కు బండి నాకెందుకు? వచ్చి నువ్వే తోలుకో" అన్నాడు.

అందువల్ల స్కూటరు ఈ వీలునామా కింద ఎవరికీ చెందదు. కొట్టివేత పక్కన పొట్టి సంతకం చేశాను. నాలుగో అంశంలో ఇచ్చింది ఆస్తి కాదు కనుక అది అలాగే ఉంటుంది. అన్నయ్య కాదనలేదు.

తేదీ: పద్నాలుగు, మంగళవారం సాయంత్రం.

(సంతకం) వీలునామాకర్త. ఇంట్లో లాయరమ్మ అంటారు.

మా ఇద్దరి ఎదుటా ఆమె సంతకం చేసింది, ఆమె ఎదుట మేం చేశాం:

మొదటి సాక్షి: (సంతకం) వార్డు నర్సు.

రెండో సాక్షి: (సంతకం) లిఫ్టు మెకానిక్, వీలునామాకర్తకు అన్నయ్య. రేపు పొద్దున బయట నేనే కూర్చుంటాను.